సీలో బైనరీ సెర్చ్: అంచులు తప్పకుండా రాయడానికి చిట్కాలు

సార్ట్ చేసిన అర్రేలో ఒక విలువ వెతకాలి. మధ్యలో ఉన్నదాన్ని చూస్తాం. మనకు కావలసింది దానికన్నా చిన్నదైతే ఎడమ సగంలో, పెద్దదైతే కుడి సగంలో వెతుకుతాం. దొరికేదాకా, లేదంటే వెతకడానికి ఏమీ మిగలనంతదాకా ఇదే పని. బైనరీ సెర్చ్ అంటే ఇంతే. బీటెక్ మొదటి ఏడాది సీ ల్యాబులో రికార్డుకెక్కుతుంది, ఉద్యోగం ఇంటర్వ్యూలో మళ్లీ ఎదురవుతుంది.

చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. సరిగ్గా రాయడమే అంత తేలిక కాదు. 1946లో అమెరికాలోని మూర్ స్కూల్ ఉపన్యాసాల్లో జాన్ మాక్లీ దీన్ని ప్రస్తావించాడు. అప్పట్లో తెలిసిన పద్ధతి 7, 15, 31 లాంటి సైజులకు చక్కగా కుదిరేది. ఎన్ని అంశాలున్నా పనిచేసే రూపం అచ్చులోకి వచ్చేసరికి 1960 అయింది, అది డి.హెచ్. లేమర్ పుణ్యం. ఆ తర్వాతా కథ పెద్దగా మారలేదు. బెల్ ల్యాబ్స్, ఐబీఎంలలో పాఠాలు చెప్పిన జాన్ బెంట్లీ, అక్కడి వృత్తి ప్రోగ్రామర్లకు రెండేసి గంటల టైమిచ్చి బైనరీ సెర్చ్ రాయమంటే నూటికి తొంభై మంది కోడ్‌లో తప్పులు బయటపడ్డాయని తన పుస్తకం ‘ప్రోగ్రామింగ్ పెర్ల్స్’లో రాశాడు.

వాళ్లెవరికీ ఐడియా తెలియక కాదు. తప్పులు దొర్లేది అంచుల దగ్గర. మొదటి అంశం, చివరి అంశం, ఖాళీ అర్రే, మరీ పెద్ద అర్రే, అసలు లేని విలువ. కింది చిట్కాల్లో చాలావరకు ఈ అంచుల కాపలాకే. ఉదాహరణకు ఈ ఏడు అంకెల అర్రే దగ్గర పెట్టుకోండి: 3, 8, 15, 21, 34, 47, 60. సీలో ఇండెక్స్ 0 నుంచి మొదలు కాబట్టి 3 ఉన్నది 0లో, 60 ఉన్నది 6లో. కోడ్ ముక్కలు తెలుగు లిపిలో ఉన్నాయి, కంపైలర్‌కి ఇచ్చేటప్పుడు ఇంగ్లిష్‌లో కొట్టుకోక తప్పదు.

1. ముందు అర్రే సార్ట్ అయి ఉందో లేదో చూడండి.

సార్ట్ కాని అర్రే ఇచ్చినా బైనరీ సెర్చ్ కిక్కురుమనదు. ఎర్రర్ రాదు, క్రాష్ కాదు. ఉన్నదాన్ని లేదంటుంది, అదీ ఒక్కోసారి మాత్రమే. పట్టుకోవడం కష్టమయ్యేది అందుకే. అలాగని సెర్చ్ ఫంక్షన్ లోపలే ప్రతిసారీ అర్రే అంతా తిరిగి చెక్ చేస్తే ఆ ఖర్చుకి మామూలు లీనియర్ సెర్చే నయం. ఆ చెక్‌ని విడిగా ఒక చిన్న ఫంక్షన్‌గా రాసి, అసర్ట్‌లో పెట్టండి. ఎన్‌డీబగ్ మాక్రో ఇచ్చి కంపైల్ చేస్తే అసర్ట్‌లన్నీ మాయమవుతాయి. రాసుకునేటప్పుడు కాపలా ఉంటుంది, రిలీజ్‌లో బరువు ఉండదు.

2. ఏ వరసలో సార్ట్ చేశారో అదే వరసలో పోల్చండి. తెలుగు మాటలైతే మరీ జాగ్రత్త.

అంకెల దగ్గర ఈ గొడవ లేదు, మాటల దగ్గరే వస్తుంది. కల, కవి, కళ అనే మూడు మాటలున్న జాబితా తీసుకోండి. మన వర్ణమాల ప్రకారం ఈ వరస సరైనదే. ల తర్వాత వ, ఆ తర్వాత శ ష స హ, ఆపైన ళ. ఇందులో ‘కళ’ కోసం బైనరీ సెర్చ్ చేయండి, పోల్చడానికి సీ లైబ్రరీలోని స్ట్రింగ్ కంపేర్ ఫంక్షన్ వాడండి. మధ్యలో ఉన్నది ‘కవి’. ఆ ఫంక్షన్‌కి వర్ణమాల తెలియదు, బైట్లే తెలుసు. యూనికోడ్‌లో ళ స్థానం ల పక్కనే, వ కంటే ముందు. కాబట్టి ‘కళ’ చిన్నదని తేల్చి ఎడమ వైపు వెళ్తుంది. అక్కడున్నది ‘కల’ ఒక్కటే. చివరికి ‘కళ’ లేదంటుంది, జాబితా చివర కళ్లెదుట కనబడుతున్నా సరే.

ఱ కూడా అంతే. వర్ణమాలలో చిట్టచివర, యూనికోడ్‌లో ర పక్కన. నిఘంటువు, ఊళ్ల పేర్ల పట్టిక, విద్యార్థుల జాబితా లాంటివి తెలుగులో పెట్టుకునేవాళ్లు రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. సార్ట్ చేసేదీ వెతికేదీ రెండూ బైట్ల వరసలోనే చేసి, చూపించేటప్పుడు మాత్రం వర్ణమాల వరసకి మార్చుకోవచ్చు. లేదా వర్ణమాల వరస తెలిసిన పోలిక ఫంక్షన్ ఒకటి రాసి రెండు చోట్లా దాన్నే వాడొచ్చు. ఏది వాడినా ఫరవాలేదు, సార్ట్‌కి ఒకటీ సెర్చ్‌కి ఇంకొకటీ అయితేనే చిక్కు.

3. ఒక్క లైను కోడ్ రాయకముందే లో, హై అంటే ఏమిటో కామెంట్‌గా రాయండి.

నన్నడిగితే మొత్తం చిట్కాల్లో ఇదే ముఖ్యం. మిగతావాటిలో సగం దీని పిల్లలే.

రెండు పద్ధతులున్నాయి. మొదటి దాంట్లో, వెతకాల్సిన భాగం లో నుంచి హై దాకా, రెండు చివరలూ కలిపి. అప్పుడు హై = ఎన్ - 1తో మొదలెట్టాలి (ఎన్ అంటే అంశాల సంఖ్య, మిడ్ అంటే మధ్య ఇండెక్స్), లో, హై సమానమైనా లూప్ నడవాలి, ఎడమకి జరిగేటప్పుడు హై = మిడ్ - 1 అనాలి. రెండో దాంట్లో, లో లెక్కలోకి వస్తుంది, హై రాదు. అప్పుడు హై = ఎన్‌తో మొదలు, లో కన్నా హై పెద్దదిగా ఉన్నంతసేపే లూప్, ఎడమకి జరిగేటప్పుడు హై = మిడ్.

రెండూ మంచివే. చేటంతా ఒకదాని మొదలు తెచ్చి ఇంకోదాని లూప్‌కి తగిలించడంలోనే ఉంది. హై = ఎన్ - 1 పెట్టి, లూప్ షరతు మాత్రం లో < హై అని రాశారనుకోండి. మన అర్రేలో 60 వెతకండి. మిడ్ 3, అక్కడ 21, లో 4 అయింది. మిడ్ 5, అక్కడ 47, లో 6 అయింది. హై కూడా 6. లో < హై కాదు కాబట్టి లూప్ ఆగిపోయింది. 60ని ఒక్కసారీ చూడకుండానే లేదని చెప్పేసింది. ఒకే అంశం ఉన్న అర్రే ఇస్తే ఇంకా అన్యాయం, లూప్ లోపలికే వెళ్లదు.

తిరగేసి చూడండి. హై = ఎన్ పెట్టి, షరతు లో <= హై అన్నారు. 99 వెతికితే లో వరసగా 4, 6, 7 అవుతుంది. లో, హై రెండూ 7 కాగానే మిడ్ కూడా 7. అర్రేలో 7వ ఇండెక్సే లేదు. సీ అభ్యంతరం చెప్పదు, పక్క మెమరీలో ఏముంటే అది చదివి ఇస్తుంది. చాలాసార్లు ఏమీ కానట్టే నడిచిపోతుంది కూడా.

‘హై లెక్కలోకి రాదు’ అని పైన ఒక కామెంట్ ఉంటే, కింద ప్రతి లైను రాస్తున్నప్పుడూ దానితో సరిచూసుకోవచ్చు. పరీక్షల కోసం ప్రోగ్రామ్ బట్టీ పట్టేవాళ్లు సరిగ్గా ఈ గుర్తుల దగ్గరే తడబడతారు. హై అంటే ఏమిటో తేల్చుకున్నవాళ్లకు బట్టీ అవసరం లేదు.

4. మిడ్ = (లో + హై) / 2 అని రాయకండి.

రాయాల్సింది: మిడ్ = లో + (హై - లో) / 2.

లెక్కల మాస్టారికి రెండూ ఒకటే. కంపైలర్‌కి కాదు. ఈనాటి సీలో ఇంట్ సాధారణంగా 32 బిట్లు, పట్టే పెద్ద అంకె 2,147,483,647. లో, హై విడివిడిగా అందులో ఇమిడినా కూడితే పొంగిపోవచ్చు. పాలగిన్నె మీద మూత పెట్టినట్టే ఇదీ, పొంగేదాకా ఏమీ తెలియదు. అర్రేలో అంశాలు 107 కోట్లు, కచ్చితంగా చెప్పాలంటే 2 పవర్ 30, దాటితే ఆ ప్రమాదం మొదలవుతుంది. పొంగితే మిడ్ మైనస్ అంకెగా మారి, లేని ఇండెక్స్‌ని తాకుతుంది. ఇంకో సంగతి, సైన్డ్ ఇంట్ పొంగితే ఏమవుతుందో సీ స్టాండర్డ్ ఏమీ హామీ ఇవ్వదు. అది అన్‌డిఫైన్డ్ బిహేవియర్.

ఈ తప్పుకి గొప్ప వంశమే ఉంది. బెంట్లీ తన పుస్తకంలో సరైనదని వాదించి చూపిన కోడ్‌లోనూ ఇదే కూడిక. ఆయన పాఠం విన్న జాషువా బ్లాక్ తర్వాత జావా లైబ్రరీకి బైనరీ సెర్చ్ రాశాడు, అందులోకీ ఇదే వచ్చింది. దాదాపు తొమ్మిదేళ్లు దాక్కుని ఉంది, 2006లో ఆ సంగతి ఆయనే లోకానికి చెప్పాడు. అన్నాళ్లు ఎవరికీ కనబడకపోవడానికి కారణం సులువే. వంద కోట్లకు పైబడిన అంశాల అర్రే పట్టేంత మెమరీ ఆ రోజుల్లో మామూలు మెషీన్లలో లేదు. నాలుగు బైట్ల ఇంట్‌లు అన్ని పెట్టాలంటే నాలుగు జీబీ కావాలి.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో నీలి స్క్రీన్ టర్బో సీ ఏళ్ల తరబడి రాజ్యమేలింది. దాంట్లో ఇంట్ 16 బిట్లే, పై హద్దు 32,767. అంటే అర్రే 16,384 అంశాలు దాటితే చాలు, ఇదే కూడిక పొంగుతుంది. ల్యాబులో పది అంకెలు కొట్టి, రెండు స్క్రీన్‌షాట్లు రికార్డులో అంటించేవాళ్లకు అది ఎన్నడూ ఎదురుపడలేదు, అంతే తేడా.

అన్‌సైన్డ్ ఇంట్‌లోకి మార్చి కూడి, ఒక బిట్ కుడికి జరపడం ఇంకో దారి. సీ ప్లస్ ప్లస్ 20 వాడేవాళ్లకు లైబ్రరీలోనే మిడ్‌పాయింట్ అనే ఫంక్షన్ ఉంది. సీలో తీసివేత పద్ధతే హాయి.

5. మిడ్‌ని చూసేశాక దాన్ని దాటి వెళ్లండి.

కుడికి జరిగేటప్పుడు లో = మిడ్ అని రాస్తే ప్రోగ్రామ్ ఎప్పటికీ ఆగని రోజు ఒకటి వస్తుంది. 60నే వెతకండి. లో వరసగా 3, 4, 5 అవుతుంది. ఇప్పుడు లో 5, హై 6, మిడ్ 5. అక్కడ 47 చిన్నది, కాబట్టి లో = 5. మళ్లీ మిడ్ 5, మళ్లీ లో 5. ఫ్యాన్ మోత మొదలవుతుంది, అవుట్‌పుట్ మాత్రం రాదు. సీలో పూర్ణాంకాల భాగహారం భిన్నాన్ని కత్తిరించేస్తుంది, ఇక్కడ మైనస్ అంకెలు లేవు కాబట్టి కింది అంకె వస్తుంది, రెండే అంశాలు మిగిలినప్పుడు మిడ్ లో మీదే కూర్చుంటుంది. అందుకే లో వైపు + 1 తప్పనిసరి. హై వైపు ఏం రాయాలన్నది మూడో చిట్కాలో మీరు రాసుకున్న కామెంట్ చెబుతుంది.

సరిచూసుకోవడానికి ఒకటే ప్రశ్న: లూప్ తిరిగిన ప్రతిసారీ హై - లో కనీసం ఒకటైనా తగ్గుతోందా? అవును అని కాగితం మీద చూపించగలిగితే లూప్ ఆగుతుంది.

6. రెండు చివరలూ కలిపే పద్ధతిలో సైజ్ టీ వాడకండి.

అర్రే సైజుకి సైజ్ టీ వాడమని మంచి పుస్తకాలన్నీ చెబుతాయి, సరైన మాటే. కానీ అది అన్‌సైన్డ్, మైనస్ తెలియదు. మన అర్రేలో 1 వెతకండి. మిడ్ 3, హై 2 అయింది. మిడ్ 1, హై 0 అయింది. మిడ్ 0, అక్కడ 3, అదీ పెద్దదే. హై = 0 - 1. ఇంట్ అయితే -1 అయి లూప్ ఆగేది. 64 బిట్ల సైజ్ టీలో అది 18,446,744,073,709,551,615 అవుతుంది. లో ఇంకా సున్నాయే కాబట్టి లూప్ సంతోషంగా సాగుతుంది, వచ్చే మిడ్ ఆ అంకెలో సగం. అక్కడికి చేయి పెడితే హద్దు దాటినట్టే, సెగ్మెంటేషన్ ఫాల్ట్ రావచ్చు.

అన్నిటికన్నా చిన్న అంశంకంటే చిన్నదాన్ని వెతికినప్పుడు ఇది బయటపడుతుంది. హై లెక్కలోకి రాని పద్ధతిలో ఎక్కడా ఒకటి తీసేయడం లేదు కాబట్టి ఈ బెడదా లేదు. నేను ఆ పద్ధతి వైపే మొగ్గుతాను, దానికి పెద్ద కారణం ఇదే. ఖాళీ అర్రే ఇచ్చినా లో, హై రెండూ సున్నాలే, లూప్‌లోకే వెళ్లదు, ప్రత్యేకంగా ఇఫ్ రాయక్కర్లేదు.

7. దొరికిందా లేదా అని కాకుండా, ఎక్కడ ఉండాలి అని అడగండి.

ల్యాబు ప్రోగ్రామ్‌లో లూప్ తిరిగినప్పుడల్లా మూడు దారులుంటాయి: సమానం, చిన్నది, పెద్దది. దాన్ని ఒకే పోలికకి కుదించవచ్చు.

లో = 0; హై = ఎన్;
వైల్ (లో < హై) {
    మిడ్ = లో + (హై - లో) / 2;
    ఇఫ్ (ఎ[మిడ్] < కీ) లో = మిడ్ + 1;
    ఎల్స్ హై = మిడ్;
}
రిటర్న్ లో;

ఇది ‘కీ కంటే చిన్నవి కాని అంశాల్లో మొదటిది ఎక్కడ’ అని చెబుతుంది. సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలో దీని పేరు లోయర్ బౌండ్.

ఒకే విలువ పలుమార్లు వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. 3, 8, 15, 15, 15, 21, 34లో 15 వెతకండి. ల్యాబు ప్రోగ్రామ్ మొదటి దెబ్బకే మధ్యలోని 15 దగ్గర ఆగి 3 అంటుంది. మొదటి 15 ఎక్కడో, మొత్తం ఎన్నున్నాయో అది చెప్పలేదు. పై కోడ్‌లో మిడ్ 3 దగ్గర హై 3 అవుతుంది, మిడ్ 1 దగ్గర లో 2 అవుతుంది, మిడ్ 2 దగ్గర హై 2 అవుతుంది. జవాబు 2, మొదటి 15 అదే. ఇఫ్‌లోని < గుర్తుని <= చేస్తే అప్పర్ బౌండ్, అది 5 ఇస్తుంది. 5లోంచి 2 తీసేస్తే మూడు 15లు. ఒక్క గుర్తు మార్పుతో లెక్కింపు కూడా వచ్చేసింది.

మొదటి దెబ్బకే దొరికినా ఆగకుండా చివరిదాకా తిరుగుతుంది కదా, దండగ కాదా అని కొందరంటారు. అర్రేలోని అంశాల్లో సుమారు సగం ఎలాగూ చివరి అడుగులోనే దొరుకుతాయి. త్వరగా ఆగడం వల్ల సగటున మిగిలేది ఒక అడుగు, దానికోసం ప్రతి అడుగులోనూ అదనపు పోలిక. బేరం గిట్టదు.

8. వచ్చిన లో విలువని నేరుగా వాడకండి.

పై ఫంక్షన్ 99 వెతికితే 7 ఇస్తుంది. ఎ[7] చదివి ‘సమానమా’ అని అడిగితే మళ్లీ హద్దు దాటినట్టే. ముందు లో < ఎన్ అని చూసి, ఆ తర్వాతే ఎ[లో] == కీ అని అడగాలి. సీలో && ఎడమ వైపు అబద్ధమైతే కుడి వైపు చూడదు కాబట్టి రెండూ ఆ వరసలో ఒకే లైన్లో రాయొచ్చు. వరస తిప్పి రాస్తే రక్షణ పోయినట్టే.

దొరక్కపోతే -1 ఇచ్చేయడం మన అలవాటు. దానివల్ల ‘ఉంటే ఎక్కడ ఉండేది’ అన్న సమాచారం పోతుంది, కొత్త విలువని వరసలో చేర్చాలంటే కావలసింది అదే. జావా వాళ్లు ఆ స్థానాన్ని మైనస్ చేసి ఇంకో ఒకటి తీసేసి ఇస్తారు. ఒకటి ఎందుకంటే సున్నాకి మైనస్ లేదు, సున్నాలో దొరికిందో, లేక సున్నాలో చేర్చమంటున్నదో తేడా తెలియదు. రస్ట్‌లో బైనరీ సెర్చ్ ఓకే అనే పొట్లంలో దొరికిన చోటు, ఎర్ అనే పొట్లంలో చేర్చాల్సిన చోటు ఇస్తుంది. నాకు తెలిసినంతలో అన్నిటికన్నా శుభ్రమైన ఏర్పాటు అది.

9. పోలికకి తీసివేత వాడకండి.

క్యూసార్ట్, బీసెర్చ్‌లకు ఇచ్చే కంపేర్ ఫంక్షన్‌లో రిటర్న్ ఎ - బి అని ఒక్క లైన్లో ముగించడం చాలామందికి అలవాటు. 200 కోట్లలోంచి -200 కోట్లు తీసేయండి. 400 కోట్లు రావాలి, 32 బిట్లలో పట్టదు, మామూలుగా వచ్చేది -294,967,296. పెద్దది చిన్నదైపోయింది. దీని బదులు (ఎ > బి) - (ఎ < బి) అని రాయండి. 1, 0, -1 తప్ప ఇంకేమీ రావు.

10. దశాంశ అంకెల అర్రేలో నాన్ (నాట్ ఎ నంబర్, అంకె కాని విలువ) ఉంటే ముందే ఏరేయండి. అది దేనికన్నా చిన్నది కాదు, పెద్దది కాదు, తనకు తాను కూడా సమానం కాదు. అలాంటిది ఒక్కటి చేరినా ‘సార్ట్ చేసిన అర్రే’ అన్న మాటకే అర్థం ఉండదు.

11. రికర్షన్ మోజు అక్కర్లేదు. వంద కోట్ల అంశాలకైనా లోతు 30 దాటదు కాబట్టి స్టాక్ నిండిపోతుందన్న భయం లేదు. కానీ లూప్ రూపం చిన్నది, లో, హై రెండూ ఒకేచోట కనబడతాయి. ఇంటర్వ్యూలో కచ్చితంగా రికర్షనే కావాలంటే రాసివ్వండి, ఇంట్లో మాత్రం లూప్.

12. పది అంకెలు చేత్తో కొట్టి పరీక్షించామనుకోకండి.

సార్ట్ చేసిన అర్రేకి మంచి పరీక్ష ఒకటుంది, పది లైన్లలో అయిపోతుంది. సైజు 0 నుంచి 100 దాకా ఒక్కో సైజుకీ 1, 3, 5, 7 అంటూ బేసి అంకెలతో అర్రే నింపండి. అందులో 0 నుంచి సైజుకి రెట్టింపు దాకా ప్రతి అంకెనీ వెతకండి. బేసి అంకె తప్పకుండా దొరకాలి, సరి అంకె దొరకకూడదు. ఇందులో మొదటి అంశం, చివరి అంశం, అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా పెద్దది, రెండు అంశాల మధ్యది, ఖాళీ అర్రే, అన్నీ వచ్చేస్తాయి. మొత్తం 10,201 వెతుకులాటలు, ఏ ల్యాప్‌టాప్‌లోనైనా కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతాయి. మూడో, అయిదో, ఆరో చిట్కాల్లో చెప్పిన తప్పుల్లో చాలావరకు ఈ పరీక్ష ముందు నిలవవు.

నడిపేటప్పుడు అడ్రస్ శానిటైజర్ ఆన్ చేయండి, జీసీసీలోనూ క్లాంగ్‌లోనూ ఉంది. హద్దు దాటి చదివినప్పుడు మామూలుగా మౌనంగా పోయేది, దీంతో ఏ లైన్లో చదివారో చూపించి ఆపేస్తుంది.

13. పొంగు మాత్రం ఆ పరీక్షకి దొరకదు, దానికి వేరే ఉపాయం.

నాలుగు జీబీ అర్రే కట్టక్కర్లేదు. మిడ్ లెక్కని విడిగా చిన్న ఫంక్షన్ చేసి, లోకి 150 కోట్లు, హైకి 200 కోట్లు ఇవ్వండి. 175 కోట్లు రావాలి. కూడిక పద్ధతిలో రాసి ఉంటే సాధారణంగా -397,483,648 వస్తుంది. అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ పెట్టి కంపైల్ చేస్తే సైన్డ్ ఇంటిజర్ పొంగిందని లైన్ నంబరుతో సహా చెబుతుంది.

చిన్న అర్రేతోనే చూద్దామని లో, హైలను 8 బిట్ల సైన్డ్ చార్‌లుగా ప్రకటించి ప్రయత్నించేవాళ్లున్నారు. పనిచేయదు. సీలో చిన్న రకాలు కూడే ముందు ఇంట్‌గా మారతాయి. 100, 110 కూడితే 210 ఇంట్‌లో హాయిగా ఇముడుతుంది, సగం 105 సరిగ్గా వస్తుంది, తప్పు దాక్కుండిపోతుంది.

14. వేగం కోసమే అయితే ముందు లెక్క వేసుకోండి.

పది లక్షల అంశాల్లో 20 పోలికలు, వంద కోట్లలో 30. చాలా గొప్ప సంగతే. కానీ సార్ట్ కాని అర్రేలో ఒకే ఒక్కసారి వెతకాలంటే, ముందు సార్ట్ చేసి ఆపైన బైనరీ సెర్చ్ చేయడం దుబారా. లీనియర్ సెర్చ్ దాన్ని ఓడిస్తుంది. ఇరవై ముప్ఫై అంశాల అర్రేలో కూడా చాలాసార్లు లీనియర్‌దే పైచేయి. ప్రాసెసర్ మెమరీని ముక్కలుగా తెచ్చుకుంటుంది, మామూలుగా ముక్క 64 బైట్లు, అంటే 16 ఇంట్‌లు. వరసగా చదివితే ఒక్కసారి తెచ్చినది పదహారుసార్లు పనికొస్తుంది. బైనరీ సెర్చ్ పెద్ద అర్రేలో మొదట్లో వేసే ప్రతి అంగా ఓ కొత్త ముక్క కోసమే. పైగా ఎడమకా కుడికా అన్నది ప్రాసెసర్ ముందే సరిగ్గా ఊహించలేదు. ఏడో చిట్కాలోని ఒకే పోలిక రూపాన్ని ఆప్టిమైజేషన్‌తో కంపైల్ చేస్తే, కంపైలర్ కొన్నిసార్లు ఎడమకో కుడికో దూకే బ్రాంచ్ లేకుండానే కోడ్ పుట్టిస్తుంది. కొన్నిసార్లు పుట్టించదు. కొలిచి చూడాల్సిందే, ఊహలతో కాదు.

15. బీసెర్చ్ వాడుకోండి, దాని మెలికలు తెలుసుకుని.

సీ స్టాండర్డ్ లైబ్రరీలోనే బీసెర్చ్ ఉంది. కీ, అర్రే మొదలు, అంశాల సంఖ్య, ఒక్కో అంశం సైజు, కంపేర్ ఫంక్షన్, ఈ వరసలో ఇవ్వాలి. దొరికితే పాయింటర్, లేకపోతే నల్. కంపేర్ ఫంక్షన్‌కి మొదట వచ్చేది కీ, రెండోది అర్రేలోని అంశం, ఇది స్టాండర్డ్ ఇచ్చిన హామీ. కాబట్టి రెండూ ఒకే రకం కానక్కర్లేదు. విద్యార్థుల స్ట్రక్చర్ల అర్రేలో వెతకడానికి ఉత్త రోల్ నంబరు ఇవ్వొచ్చు, ఉత్తుత్తి విద్యార్థిని తయారు చేయక్కర్లేదు.

మెలికలు రెండు. ఒకే విలువ పలుమార్లు ఉంటే ఏది ఇస్తుందో హామీ లేదు. దొరక్కపోతే ఎక్కడ చేర్చాలో చెప్పదు. ఈ రెండింట్లో ఏది కావాలన్నా ఏడో చిట్కా కోడ్ రాసుకోవాలి. పేరులో బీ ఉంది కదా అని స్టాండర్డ్‌లో వెతికితే, బైనరీ పద్ధతే వాడాలన్న నియమం గానీ, ఇంత వేగంగా ఉండాలన్న నియమం గానీ ఎక్కడా కనబడదు. లైబ్రరీలు రాసేవాళ్ల మర్యాద మీద నడుస్తోంది.

16. అర్రే లేకపోయినా వాడొచ్చు.

ఒక హద్దుకి ఇటు అన్నీ ‘కాదు’, అటు అన్నీ ‘అవును’ అయ్యే ఏ ప్రశ్నకైనా ఇది పనిచేస్తుంది. ఒక అంకెకి పూర్ణాంక వర్గమూలం కావాలంటే 1 నుంచి ఆ అంకె దాకా మిడ్ తీస్తూ పోవచ్చు. ఇక్కడ పొంగు ఇంకో వేషంలో వస్తుంది. 46,340 వర్గం 32 బిట్ల ఇంట్‌లో పడుతుంది, 46,341 వర్గం పట్టదు. మిడ్ * మిడ్ <= ఎక్స్ బదులు మిడ్ <= ఎక్స్ / మిడ్ అని అడగండి, మిడ్ సున్నా కాకుండా చూసుకోండి.

నిన్నటిదాకా పనిచేసిన ప్రోగ్రామ్ ఏ మార్పుతో చెడిందో పట్టుకోవడానికి గిట్‌లో ఉన్న బైసెక్ట్ కమాండ్ కూడా ఇదే. పనిచేసిన పాత కమిట్ ఒకటి, చెడిన కొత్త కమిట్ ఒకటి చూపిస్తే మధ్యది తీసి మీ ముందు పెడుతుంది. గుడ్ లేదా బ్యాడ్ అని చెబుతూ పోవాలి. వెయ్యి కమిట్లున్నా పది ప్రశ్నల్లో తేలుతుంది. పరీక్షించే స్క్రిప్ట్ రాసిస్తే ఆ పది ప్రశ్నలూ తనే అడిగి తేల్చుకుంటుంది. మధ్యలో కంపైలే కాని కమిట్ తగిలితే బ్యాడ్ అనకండి, స్కిప్ అనండి. బ్యాడ్ అంటే సగం చరిత్రని తప్పు వైపు నెట్టేసి, ఏ పాపమూ ఎరగని కమిట్‌ని చూపిస్తుంది.